ఓవెన్ తలుపు లాక్ మొరాయిస్తే: బయటి నుంచి లోపలికి వెతికే పద్ధతి

ఓవెన్ తలుపు తెరుచుకోకపోయినా, మూసిన తరువాత లాక్ పడకపోయినా, తెరమీద తాళం గుర్తు ఆగకుండా మిణుకుమంటున్నా, చాలా ఇళ్లలో మొదట జరిగే పని కొత్త లాక్ కోసం వాకబు చేయడం. కడపలో గానీ, అనంతపురం, కర్నూలులలో గానీ అది మామూలు ఎలక్ట్రికల్ దుకాణంలో దొరికే సామాను కాదు. కంపెనీ సర్వీసు వారి ద్వారా బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకోవలసి ఉంటుంది, అది చేరేదాకా వంటింట్లో ఓవెన్ అలంకారంగా మిగిలిపోతుంది. అంత ఎదురుచూసి తెచ్చిన లాక్ బిగించాక కూడా లోపం అలాగే ఉంటే రోగమొకటి, మందొకటి అయినట్టే. లాక్ చెడిపోయినట్టు కనిపించే సందర్భాలలో చాలావరకు అసలు కారణం లాక్‌లో ఉండదు. వేడి ఇంకా దిగకపోవడమో, వోల్టేజీ పడిపోవడమో, తలుపు ఒక పక్కకు వాలడమో, ఓవెన్‌ను కూర్చోబెట్టిన బండ ఎగుడుదిగుడుగా ఉండడమో కారణమవుతుంది. అందువల్ల ఇక్కడ చెప్పే పద్ధతి బయటి నుంచి లోపలికి సాగుతుంది, స్క్రూడ్రైవరు పని చివరికి గానీ రాదు.

మీ ఓవెన్ ఏ రకమో ముందు తేల్చుకోవాలి

మన ఇళ్లలో ఓవెన్ అనే ఒక్క మాటతో మూడు వేరువేరు యంత్రాలను పిలుస్తాము. బల్లమీద పెట్టుకునే ఓటీజీకి లాక్ అనేదే ఉండదు. దాని తలుపును పట్టి ఉంచేది స్ప్రింగు మాత్రమే కాబట్టి, తలుపు సరిగా మూసుకోకపోతే ఆ స్ప్రింగునో హింజ్‌నో చూసుకుంటే సరిపోతుంది.

రెండోది మైక్రోవేవ్. దీని తలుపుకు ప్లాస్టిక్ కొక్కేలు, అవి దూరే చోట సాధారణంగా మూడు మైక్రోస్విచ్‌లు ఉంటాయి. రెండు స్విచ్‌లు తలుపు మూసి ఉన్నప్పుడే కరెంటును లోపలికి పోనిస్తాయి. మూడోది ఆ రెండింటిమీద కాపలా లాంటిది: తలుపు తెరిచినా అవి అతుక్కుపోయి కరెంటును ఆపకపోతే, ఇది ఫ్యూజును కాల్చి యంత్రాన్ని నిలిపివేస్తుంది. స్టార్టు నొక్కినా మైక్రోవేవ్ కదలకపోతే కొక్కెం విరిగిందేమో, అది దూరే రంధ్రంలో పిండి, నూనె జిడ్డు పేరుకున్నాయేమో బయటినుంచి చూసి, పొడిగుడ్డతో తుడవడం వరకు ఇంట్లో చేయవచ్చు. అంతకుమించి దాని పైకప్పు విప్పకూడదు. లోపలి కెపాసిటరు ప్లగ్గు తీసేసిన తరువాత కూడా వేల వోల్టుల విద్యుత్తును నిలుపుకొని ఉండగలదు, అది ప్రాణాంతకం. తలుపు తెరిచి ఉండగానే లోపలి పళ్లెం తిరగడం మొదలుపెడితే వెంటనే ప్లగ్గు తీసి, నిపుణుడు చూసేదాకా దాన్ని వాడకండి.

మూడోది మాడ్యులర్ వంటగదులతో పాటు మన ఊళ్లకు వచ్చిన బిల్ట్-ఇన్ ఓవెన్. ఇందులోనూ అన్నింటికీ మోటారు లాక్ ఉండదు. ఆవిరితో శుభ్రం చేసుకునే మోడళ్లకు ఆ అవసరం సాధారణంగా రాదు. పైరోలిటిక్ అనే సెల్ఫ్ క్లీన్ పద్ధతి ఉన్నవాటికి మాత్రం తలుపు లాక్ తప్పనిసరి, ఇకమీద ఈ వ్యాసమంతా వాటి గురించే.

లాక్ లోపల ఏం జరుగుతుంది

సెల్ఫ్ క్లీన్ సమయంలో ఓవెన్ లోపలి వేడి సుమారు 450 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ వరకు పోతుంది. కేకుకు మనం పెట్టే 180 డిగ్రీలతో పోల్చితే అది ఎంతటిదో అర్థమవుతుంది. గోడలకు అంటిన నెయ్యి, చక్కెర పాకం, మాంసపు కొవ్వు ఆ వేడికి కాలి బూడిద అవుతాయి. అటువంటి సమయంలో తలుపు తెరిస్తే గాలి ఒక్కసారిగా లోపలికి పోయి, కాలుతున్న జిడ్డు భగ్గుమనవచ్చు, చల్లగాలి తగిలి అద్దం పగలవచ్చు. లాక్ ఉన్నది ఆ ప్రమాదాన్ని ఆపడానికే. కొన్ని మోడళ్లలో వేడెక్కడం మొదలుకాకముందే లాక్ పడుతుంది, మరికొన్నింటిలో 300 డిగ్రీల ప్రాంతంలో పడుతుంది. వేడి మళ్లీ ఆ హద్దుకు కిందికి దిగేదాకా అది విడవదు.

పని జరిగే వరస ఇది. తలుపు మూసి ఉన్నట్టు తలుపు స్విచ్ ద్వారా ఓవెన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ బోర్డుకు తెలుస్తుంది. బోర్డు రిలే (బోర్డు మీది విద్యుత్ స్విచ్) ద్వారా ఒక చిన్న మోటారుకు కరెంటు ఇస్తుంది. నిమిషానికి కొద్ది చుట్లు మాత్రమే తిరిగే ఆ మోటారు క్యామ్ అనే వంకర చక్రాన్ని తిప్పితే, క్యామ్ కొక్కేన్ని తలుపు పైఅంచులోని గాడిలోకి జరుపుతుంది. కొక్కెం పూర్తిగా కూర్చున్నప్పుడు క్యామ్ ఒక మైక్రోస్విచ్‌ను నొక్కుతుంది, ఆ సంకేతం అందగానే బోర్డు మోటారును ఆపుతుంది. నిర్ణీత సమయంలో సంకేతం రాకపోతే బోర్డు లోపం జరిగినట్టు లెక్కవేసి, తెరమీద ఒక కోడ్ చూపించి పనిని నిలిపివేస్తుంది. మోటారుకు బదులు విద్యుదయస్కాంతంతో కొక్కేన్ని లాగే రకాలు కూడా ఉన్నాయి గానీ, పరీక్షించే తర్కం రెండింటికీ ఒక్కటే.

ఈ వరసలో గమనించవలసిన విషయం ఒకటుంది. బోర్డుకు కళ్లు లేవు. కొక్కెం ఎక్కడుందో దానికి స్విచ్ చెబితేనే తెలుస్తుంది, లోపల ఎంత వేడి ఉందో సెన్సరు చెబితేనే తెలుస్తుంది. ఆ రెండింటిలో ఏది అబద్ధం చెప్పినా, లాక్ బాగున్నా తలుపు తెరుచుకోదు.

మొదటి మెట్టు: వేడి దిగనివ్వడం

సెల్ఫ్ క్లీన్ ముగిసిన గంట వినపడగానే తలుపు తెరుచుకోవాలని అనుకోకూడదు. 500 డిగ్రీల నుంచి లాక్ విడిచే హద్దుకు రావడానికి గంట, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మే నెలలో కడప వంటగదిలో గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది కాబట్టి, కంపెనీ పుస్తకంలో రాసిన సమయానికి మరికొంత కలుపుకోవాలి. కంట్రోల్ ప్యానెల్ కింది సందులోంచి వెచ్చటి గాలి వస్తూ ఉంటే చల్లార్చే ఫ్యాను ఇంకా తిరుగుతున్నట్టే, అంటే యంత్రం తన పని ముగించలేదు.

ఈ సమయంలో హ్యాండిల్ పట్టి గుంజడం అన్నింటికన్నా చెడ్డ పని. కొక్కెం వంగుతుంది, హింజ్‌లు సాగుతాయి, అద్దం పట్టే బిగింపులు వదులవుతాయి. ఇంట్లో పెద్దవాళ్లకు, పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి. ఫోనులో మాట్లాడే మెకానిక్కు కూడా మొదట అనే మాట "అక్కా, గుంజొద్దు, అట్లే వదిలెయ్" అనే.

రెండో మెట్టు: పనిముట్లు లేకుండా చేయగలిగినవి

తెరమీద కనిపిస్తున్న గుర్తు ఏదో నిదానంగా చూడండి. తాళంచెవి బొమ్మ ఉంటే అది చాలా మోడళ్లలో చైల్డ్ లాక్, అది మీటలను మాత్రమే పనిచేయకుండా ఆపుతుంది గానీ తలుపును పట్టి ఉంచదు. ఆ గుర్తున్న మీటను కొన్ని సెకన్లపాటు అదిమి పట్టుకుంటే తొలగిపోతుంది. తాళం బొమ్మ ఉంటే అది తలుపు లాక్‌కు సంబంధించినది. అక్షరం, అంకె కలిసిన కోడ్ వస్తే దాన్ని కాగితం మీద రాసుకోండి, ఫోనుతో ఫొటో కూడా తీసుకోండి, ఎందుకంటే కరెంటు ఆపగానే అది మాయమవుతుంది. ఒకే కోడ్‌కు వేరువేరు కంపెనీలు వేరువేరు అర్థాలు పెట్టుకున్నాయి కాబట్టి, మీ మోడల్ పుస్తకంలోని పట్టికనే నమ్మాలి.

తరువాత కరెంటు పెట్టెలో ఓవెన్‌కు సంబంధించిన ఎంసీబీ స్విచ్‌ను ఆపి, ఐదు నిమిషాలు ఆగి, మళ్లీ వేయండి. సెల్ఫ్ క్లీన్ మధ్యలో కరెంటు పోయి వచ్చిన ఇళ్లలో ఇదొక్కటే చాలాసార్లు సరిపోతుంది. అయితే కరెంటు వచ్చిన తరువాత తెరమీద గడియారం సున్నాలు చూపిస్తూ మిణుకుమంటూ ఉంటే, సమయం సరిచేసేదాకా కొన్ని ఓవెన్లు వేరే ఏ పనీ చేయవు, లాక్‌ను విడవడం కూడా అందులో ఒకటి. గడియారం సరిచేసి, ఫంక్షన్ నాబ్‌ను సున్నాకు తెచ్చి, కొన్ని నిమిషాలు ఆగి చూడండి.

అప్పటికీ విడవకపోతే ఒక ఉపాయం ఉంది. ఓవెన్ పూర్తిగా చల్లారిన తరువాత, హ్యాండిల్‌కు పైన తలుపు మధ్యభాగాన్ని అరచేతితో గట్టిగా లోపలికి అదిమి పట్టుకొని, సెల్ఫ్ క్లీన్‌ను మళ్లీ మొదలుపెట్టండి. ఒక నిమిషంలోపే దాన్ని రద్దు చేయండి. బోర్డు కొక్కేన్ని ఒకసారి పూర్తిగా బిగించి తిరిగి విడిచే ప్రయత్నం చేస్తుంది. మీరు తలుపును అదమడం వల్ల కొక్కెం మీది ఒత్తిడి తగ్గి అది సులువుగా జారుతుంది. ఇది మూడు నాలుగు సార్లు చేసి చూడదగినదే.

మూడో మెట్టు: కరెంటు సంగతి

బిల్ట్-ఇన్ ఓవెన్ 3,000 నుంచి 3,500 వాట్ల వరకు తీసుకుంటుంది, అంటే 230 వోల్టుల దగ్గర 13 నుంచి 15 ఆంపియర్లు. దీనికి వేరే లైను, 16 ఆంపియర్ల సాకెట్టు, తగిన మందం తీగ ఉండాలి. గీజరు, ఓవెన్ ఒకే లైనుమీద ఉన్న ఇళ్లలో రెండూ ఒకేసారి పనిచేసినప్పుడు వోల్టేజీ పడిపోవడం వింత కాదు. ఎండాకాలం సాయంత్రాలు ఏసీలన్నీ ఒకేసారి మొదలయ్యాక వీధి చివర ఇళ్లకు అందే వోల్టేజీ గురించి మన ప్రాంతంలో ఎవరికీ చెప్పనవసరం లేదు.

వోల్టేజీ తగ్గితే హీటరు శక్తి అంతే నిష్పత్తిలో తగ్గదు, వోల్టేజీ వర్గానికి, అంటే వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే విలువకు అనుగుణంగా తగ్గుతుంది. 230కి బదులు 180 వోల్టులే అందితే 3,000 వాట్ల హీటరు 1,850 వాట్ల లోపే ఇస్తుంది. అప్పుడు సెల్ఫ్ క్లీన్ నిర్ణీత వేడిని అందుకోలేక మధ్యలో కోడ్ చూపించి ఆగిపోతుంది, తలుపేమో లాక్ పడి ఉంటుంది. లాక్ మోటారుకూ బలం తగ్గి, జిడ్డు పట్టిన కొక్కేన్ని అది జరపలేకపోతుంది. ఫ్రిజ్‌కు పెట్టే స్టెబిలైజరు ఈ బరువును మోయలేదు, ఇంటి ఇన్వర్టరు అసలే మోయలేదు. అందుచేత సెల్ఫ్ క్లీన్‌ను ఉదయం పూట, ఇంట్లో పెద్ద వాడకం లేనప్పుడు పెట్టుకోవడం మేలు. లైన్ పనుల కోసం కరెంటు ఆపుతున్నట్టు ఏపీఎస్పీడీసీఎల్ ప్రకటించిన రోజున దాన్ని ముట్టకపోవడమే మంచిది.

ఎర్తింగ్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. రాయలసీమ రాతినేలలో ఎండాకాలానికి ఎర్త్ గుంత ఎండిపోయి, పేరుకు ఎర్త్ ఉన్నా పనికి లేనట్టవుతుంది. లోహపు పెట్టె అయిన ఓవెన్‌ను విప్పి పరీక్షించే ముందు, ఎలక్ట్రీషియను చేత ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. మొదటిది ఇంటి వోల్టేజీకి దగ్గరగా, రెండోది రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. అలా లేకపోతే గుంతలో నీళ్లు పోయించి, ఉప్పు, బొగ్గు సరిచూపించిన తరువాతే ముందుకు పోవాలి. ఇంట్లో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించుకోవడానికి ఇదే సందర్భం.

నాలుగో మెట్టు: బండ, తలుపు, హింజ్‌లు

లాక్ పడకపోవడానికి మన ప్రాంతపు ఇళ్లలో నాకు అన్నింటికన్నా ఎక్కువ అనుమానం కలిగించేది ఓవెన్ కూర్చున్న చోటు. బిల్ట్-ఇన్ ఓవెన్‌ను చెక్క క్యాబినెట్‌ను ఉద్దేశించి తయారుచేస్తారు. మనమేమో వంటగది గట్టు కింద నాపరాతి అరలు కట్టించుకుంటాము. యర్రగుంట్ల వైపు నుంచో, బేతంచెర్ల నుంచో, తాడిపత్రి నుంచో వచ్చిన బండను పైభాగం పాలిష్ చేయిస్తాము గానీ, అర లోపల వేసే బండను అలాగే వదిలేస్తాము. ఆ బండ ఒక మూల రెండు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉన్నా, ముప్పై కిలోలకు పైబడిన ఓవెన్ దానిమీద కూర్చున్నప్పుడు దాని రేకు చట్రం కొద్దిగా మెలితిరుగుతుంది. తలుపు అదే చట్రానికి వేలాడుతుంది కాబట్టి, గాడి ఒకచోట, కొక్కెం ఒకచోట అవుతాయి. మామూలు వంటకు ఆ తేడా తెలియదు. సెల్ఫ్ క్లీన్ వేడికి చట్రం వ్యాకోచించినప్పుడు మాత్రం కొక్కెం గాడి అంచుకు తగిలి ఆగిపోతుంది, లేదా లోపలికి పోయి ఇరుక్కుపోతుంది.

దీన్ని పరీక్షించడం సులువే. తాపీ మేస్త్రీ వాడే రసమట్టాన్ని ఓవెన్ లోపలి అడుగున ఎడమ నుంచి కుడికి, తరువాత ముందు నుంచి వెనక్కు పెట్టి చూడండి. తలుపు తెరిచి, ముందు చట్రం ఎడమ పైమూల నుంచి కుడి కిందిమూలకు, కుడి పైమూల నుంచి ఎడమ కిందిమూలకు టేపుతో కొలవండి. రెండు కొలతలూ సమానంగా లేకపోతే చట్రం మెలితిరిగినట్టే. అప్పుడు ఓవెన్‌ను బయటికి తీసి, పల్లంగా ఉన్న మూలల కింద పలుచటి లోహపు రేకు ముక్కలు పెట్టి సమం చేయాలి. రబ్బరు, అట్టముక్క, చెక్కపేళ్లు పెట్టకండి, అవి వేడికి కుంగుతాయి, కాలుతాయి. నా దృష్టిలో ఈ పని కొత్త లాక్ కన్నా ముందు చేయదగినది, ఖర్చు కూడా దాదాపు లేదు.

అరను మూడువైపులా బండతో, వెనుక గోడతో మూసివేయడం ఇంకొక చిక్కు తెస్తుంది. వేడిగాలి పోయే దారి లేక లాక్ మోటారు, బోర్డు ఉండే పైభాగం ఉడికిపోతుంది. ఓవెన్ పుస్తకంలో వెనుక, కింద ఎంత ఖాళీ వదలాలో బొమ్మతో సహా ఇస్తారు. మీ అర ఆ కొలతలకు లేకపోతే వెనుక గోడ వైపు బండలో గాలి రంధ్రం కోయించడం తప్ప మరో మార్గం లేదు.

ఇక తలుపు. తెరిచిన తలుపుమీద బరువైన పాత్ర దించడం, దాన్ని ఆసరా చేసుకొని పిల్లలు నిలబడడం వంటి వాటివల్ల హింజ్‌లు సాగుతాయి. మూసిన తలుపుకూ కంట్రోల్ ప్యానెల్‌కూ మధ్య సందు ఎడమ కొస నుంచి కుడి కొస దాకా ఒకే వెడల్పులో ఉందో లేదో చూడండి. ఒక కాగితపు పట్టీని గాస్కెట్‌కూ (వేడి బయటికి పోకుండా ఓవెన్ నోటి చుట్టూ ఉండే పట్టీ) తలుపుకూ మధ్య పెట్టి, తలుపు మూసి, మెల్లగా లాగండి. నాలుగు వైపులా ఇలాగే చేస్తే ఎక్కడ పట్టు తక్కువగా ఉందో చేతికే తెలుస్తుంది. పట్టు ఒకే మూలన తక్కువైతే హింజ్ మీద, అన్నిచోట్లా తక్కువైతే గాస్కెట్ మీద అనుమానపడాలి. సెల్ఫ్ క్లీన్ ఓవెన్ల గాస్కెట్ సాధారణంగా గ్లాస్ ఫైబర్ అల్లికతో ఉంటుంది. దాన్ని తడిపి రుద్దకూడదు, పీచు చెదిరిపోతుంది.

తలుపు పైఅంచులో కొక్కెం దూరే గాడిని టార్చి వేసి చూడండి. కేకులు, బిస్కట్లు ఆర్డరుమీద చేసి ఇచ్చే ఇళ్లలో అక్కడ నల్లగా, గాజులా గట్టిపడిన పొర కనిపిస్తుంది. అది పొంగి కారిన పాకం, నెయ్యి కలిసి మాడిన పొర. గోరువెచ్చటి నీటిలో ముంచి పిండిన గుడ్డను కాసేపు దానిమీద ఉంచి, మెత్తబడ్డాక చెక్కపుల్లతో గీకితే వస్తుంది. ఆ తరువాత నూనె గానీ, తుప్పు విడిపించే స్ప్రే గానీ వేయకండి. సెల్ఫ్ క్లీన్ వేడికి అవి కాలి పొగలు కక్కి, మునుపటికన్నా గట్టిగా అంటుకుపోతాయి. జారుడు అవసరమైతే పొడి గ్రాఫైట్ కొద్దిగా రాస్తే చాలు.

ఐదో మెట్టు: చెవి పెట్టి వినడం

పెట్టె విప్పకముందే లోపం ఏ వైపు ఉందో శబ్దం చాలావరకు చెప్పేస్తుంది. వంటగదిలో ఫ్యాను, మిక్సీ ఆపించి, ఓవెన్ చల్లగా ఉండగా సెల్ఫ్ క్లీన్ నొక్కి, కంట్రోల్ ప్యానెల్ పైభాగానికి చెవి దగ్గరగా పెట్టండి. ముందు రిలే "టిక్" మనాలి, వెంటనే మోటారు సన్నటి గురకతో కొన్ని సెకన్లు తిరగాలి, చివర కొక్కెం కూర్చున్న చప్పుడు రావాలి.

టిక్ శబ్దమే రాకపోతే తలుపు మూసినట్టు బోర్డుకు తెలియలేదని మొదట అనుమానించాలి. తలుపు తెరిచి, చట్రంలోని తలుపు స్విచ్ పుల్లను వేలితో నొక్కి చూడండి. తలుపు తెరిస్తే దీపం వెలిగే మోడళ్లలో, నొక్కినప్పుడు దీపం ఆరాలి. టిక్ వచ్చి మోటారు శబ్దం రాకపోతే మోటారు, దాని తీగలు, వేడి ఎక్కువైతే తెగే థర్మల్ కటౌట్ అనుమానితులు. మోటారు గురక వినిపిస్తూ కొక్కెం కదలకపోతే అది ఎక్కడో ఇరుక్కుంది. మోటారు ఆగకుండా తిరుగుతూనే ఉండి, చివరికి కోడ్ వస్తే కొక్కెం తన పని చేసింది గానీ మైక్రోస్విచ్ ఆ సంగతి చెప్పలేదని అర్థం. ఈ చివరి సందర్భంలో లాక్ మొత్తాన్ని మార్చనక్కరలేదు. స్విచ్ విడిగా బిగించిన మోడళ్లలో ఆ స్విచ్ ఒక్కదాన్నే మార్చుకోవచ్చు.

మూసుకుపోయిన తలుపును పగలకుండా తెరవడం

ఇక్కడ తయారీదారులు పెట్టిన ఒక చిత్రమైన ముడి ఎదురవుతుంది. ఓవెన్‌ను క్యాబినెట్‌కు బిగించే స్క్రూలు తలుపు తెరిస్తేనే కనిపిస్తాయి, చాలా మోడళ్లలో మోడల్ నంబరు రాసిన పట్టీ కూడా తలుపు వెనుక చట్రం మీదే ఉంటుంది. తలుపు తెరుచుకోనప్పుడు ఈ రెండూ అందవు. నంబరు కోసం బిల్లునో, వారంటీ కార్డునో వెతుక్కోవాలి. తలుపు బాగున్న రోజునే ఆ పట్టీని ఫొటో తీసి ఉంచుకోమని నేను అందరికీ చెబుతాను.

తెరిచే ముందు ఎంసీబీ ఆపి, ఓవెన్ పూర్తిగా చల్లారిందని నిర్ధారించుకోండి. సైకిలు చక్రపు పుల్ల ఒకటి తీసుకొని, దాని కొసను ఒక సెంటీమీటరు మేర ఎల్ ఆకారంలో వంచండి. బైండింగ్ తీగ దీనికి పనికిరాదు, అది తొందరగా వంగిపోతుంది. తలుపుకూ కంట్రోల్ ప్యానెల్‌కూ మధ్య సందులోంచి పుల్లను దూర్చి, టార్చి వెలుగులో కొక్కెం ఎక్కడుందో చూడండి, చాలా మోడళ్లలో అది నడిమధ్యన ఉంటుంది. ఒకరు తలుపును లోపలికి అదిమి పట్టుకుంటే, మరొకరు కొక్కేన్ని పక్కకు మెల్లగా జరపాలి. ఎటు జరపాలన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. ఒకవైపు ఏమాత్రం కదలకపోతే రెండోవైపు ప్రయత్నించండి గానీ బలం ఉపయోగించకండి. అప్పటికీ రాకపోతే ఓవెన్‌ను పైనుంచో వెనుకనుంచో చేరుకొని, పైరేకు విప్పి, క్యామ్‌ను చేత్తో తిప్పాలి. నాపరాతి అరలో అది ఇద్దరు మనుషుల పని, ఎలక్ట్రీషియను లేకుండా పూనుకోదగినది కాదు.

ఆరో మెట్టు: మల్టీమీటరుతో పరీక్ష

ఎంసీబీ ఆపి, ప్లగ్గు ఉంటే తీసి, టెస్టరుతో కరెంటు లేదని చూసుకొని, బోర్డు మీది కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగిన తరువాతే ఈ మెట్టు మొదలుపెట్టాలి. తీగలు విప్పేముందు ప్రతి కనెక్షన్‌కూ ఫొటో తీయండి. చేతికి గ్లౌజులు వేసుకోండి, ఓవెన్ రేకు అంచులు బ్లేడుల్లా ఉంటాయి.

కళ్లతో చూసేది ముందు. తీగల కొసలు నల్లబడ్డాయా, వదులయ్యాయా, లోపల బొద్దింకలు కాపురం పెట్టాయా అన్నది చూడండి. బొద్దింకల విషయం నవ్వుకోదగినదిగా కనిపించవచ్చు గానీ, వెచ్చగా, చీకటిగా ఉండే బోర్డు పెట్టె వాటికి ఎంతో ఇష్టమైన చోటు, అవి వదిలే తడి వల్ల రిలే కాళ్లు తుప్పు పడతాయి. కాలిన తీగను మార్చవలసి వస్తే మామూలు పీవీసీ తీగ వాడకూడదు, వేడిని తట్టుకునే సిలికాన్ లేదా గ్లాస్ ఫైబర్ తొడుగు తీగే వాడాలి.

మైక్రోస్విచ్ తీగలు విప్పి, మీటరును కంటిన్యూయిటీలో (తీగ కలిసి ఉంటే శబ్దం చేసే అమరిక) పెట్టి, COM అని గుర్తున్న ఉమ్మడి కాలుకూ మరో కాలుకూ ఆనించండి. మీట నొక్కినప్పుడు, విడిచినప్పుడు శబ్దం మారాలి. మూసి ఉన్నప్పుడు ఓమ్ విలువ దాదాపు సున్నా, తెరిచినప్పుడు అనంతం రావాలి. నొక్కిన ప్రతిసారీ వేరు విలువ వస్తే లోపలి కాంటాక్టు మాడిపోయింది, స్విచ్ మార్చాలి. మోటారు చుట్టను కొలిస్తే కొన్ని వేల ఓమ్‌లు చూపించాలి. అనంతం చూపిస్తే చుట్ట తెగిపోయినట్టు, అప్పుడు మాత్రమే లాక్ కొనాలనే మాట నిజమవుతుంది.

థర్మల్ కటౌట్ చల్లారిన తరువాత సున్నా ఓమ్‌లు చూపించాలి. అది తెగి ఉంటే కొన్ని రకాలలో నడిమధ్యనున్న చిన్న బొత్తాం నొక్కితే మళ్లీ కలుస్తుంది, మిగతావి మార్చవలసినవే. అయితే అది ఊరకే తెగదు. చల్లార్చే ఫ్యాను తిరగకపోవడమో, అరలో గాలి ఆడకపోవడమో దాని వెనుక ఉంటుంది, ఆ కారణం పట్టుకోకుండా కటౌట్ మారిస్తే కొత్తది కూడా తెగుతుంది. "సార్, డైరెక్ట్ చేసేద్దాం" అంటూ తీగ కలిపేసే మెకానిక్కులు ఉంటారు. కటౌట్‌ను గానీ, లాక్ స్విచ్‌ను గానీ డైరెక్ట్ చేయనివ్వకండి. 500 డిగ్రీల పెట్టెకు ఉన్న రక్షణ ఆ రెండే.

చివరగా వేడి సెన్సరు. ఇది తెగిపోతే లోపల వేడి దిగిందో లేదో తెలియక బోర్డు లాక్‌ను విడవదు. చాలా ఓవెన్లలో పీటీ1000 గానీ పీటీ500 గానీ అనే రకం సెన్సరు ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ దాని ఓమ్ విలువ పెరుగుతుంది. పీటీ1000 అయితే 30 డిగ్రీల గదిలో 1,117 ఓమ్‌లు, 40 డిగ్రీలలో 1,155 ఓమ్‌ల దగ్గర చూపించాలి. పీటీ500 అయితే ఆ విలువలలో సగం, అంటే సుమారు 558, 578. ఈ లెక్కలు చెప్పడానికి కారణం ఉంది: కంపెనీ పుస్తకాలలో చల్లని గదిని బట్టి విలువలు ఇస్తారు, మన ఎండాకాలంలో మీటరు అంతకన్నా ఎక్కువ చూపిస్తే సెన్సరు చెడిందని పొరబడి మార్చేవారున్నారు. చేతిలో సెన్సరు పట్టుకొని కొలవకండి, ఒంటి వేడికి కూడా అంకె కదులుతుంది.

స్విచ్, మోటారు, కటౌట్, సెన్సరు, తీగలు అన్నీ బాగుండి కూడా మోటారుకు కరెంటు రాకపోతే మిగిలేది బోర్డు. కరెంటు ఉండగా బోర్డును కొలవడం ఇంటి పని కాదు. అక్కడ ఆగి, మోడల్ నంబరు, కోడ్ ఫొటో, ఇంతవరకు రాసుకున్న ఓమ్ విలువలు సర్వీసు వారికి పంపండి. బెంగళూరు నుంచి వచ్చే మనిషి ఖాళీ చేతులతో రాకుండా, సరైన సామానుతో రావడానికి అవి పనికొస్తాయి.

కొత్త లాక్ బిగించిన తరువాత

కొత్త భాగాన్ని స్క్రూలు సగం మాత్రమే బిగించి పెట్టండి. తలుపు మెల్లగా మూసి, క్యామ్‌ను చేత్తో తిప్పుతూ కొక్కెం గాడి మధ్యలోకి పోయేలా లాక్‌ను అటూ ఇటూ సర్ది, ఆ తరువాత స్క్రూలు పూర్తిగా బిగించాలి. ముందే బిగించేస్తే పాతదానికి వచ్చిన తంటా కొత్తదానికీ వస్తుంది. రేకులన్నీ మూసి, ఎర్త్ తీగ తన చోట బిగించి ఉందని చూసుకొని, కరెంటు ఇవ్వండి.

మొదట చల్లని ఓవెన్‌తో సెల్ఫ్ క్లీన్ మొదలుపెట్టి, లాక్ పడగానే రద్దు చేసి, తలుపు తెరుచుకుంటుందో చూడండి. వేడెక్కిన తరువాతే లాక్ పడే మోడళ్లకు ఈ పరీక్ష కుదరదు, వాటికి నేరుగా తక్కువ నిడివి క్లీన్‌తోనే మొదలుపెట్టాలి. వరుసగా కొన్నిసార్లు సరిగా పనిచేస్తే, లోపలి ట్రేలు, వైరు రాక్‌లు పుస్తకంలో చెప్పినట్టు బయటికి తీసి, మందంగా ఉన్న జిడ్డును తడిగుడ్డతో తుడిచి, అప్పుడు తక్కువ నిడివి క్లీన్ ఒకటి పెట్టండి. అడుగున అల్యూమినియం రేకు పరచకండి. పొగ వాసనకు వంటగది కిటికీ తెరిచి ఉంచండి, పంజరంలో చిలుకలు, పిచ్చుకలు ఉంటే ఆ గదిలోంచి దూరంగా పెట్టండి, ఆ పొగ పక్షులకు పడదు. పండుగకు ముందురోజు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. డిసెంబరులో కేకుల ఆర్డర్లు ఒప్పుకున్నవారు సెల్ఫ్ క్లీన్‌ను నవంబరులోనే ముగించుకుంటే, ఏదైనా మొరాయించినా సామాను తెప్పించుకోవడానికి వ్యవధి ఉంటుంది.